విప్పి కట్టిన కారు

1957లో ఇంగ్లండులో లోటస్ సెవెన్ అనే చిన్న కారు ఒకటి వచ్చింది. రెండు సీట్లు, తలుపుల్లేవు, బరువు బహు తక్కువ. దాన్ని పూర్తి కారుగా కొనుక్కోవచ్చు, లేదా విడిభాగాలుగా ఇంటికి తెచ్చుకుని సొంతంగా బిగించుకోవచ్చు. చాలామంది విడిభాగాలే తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో కొత్త కారు మీద పర్చేజ్ టాక్స్ బరువుగా పడేది, విడిభాగాలుగా కొంటే ఆ భారం తప్పేది. అయితే ఒక షరతు ఉండేదట. ఆ భాగాలను ఎలా బిగించాలో చెప్పే పుస్తకం వాటితో పాటు ఇవ్వకూడదు. అందుకని కారును ఎలా విప్పాలో చెప్పే కాగితాలు ఇచ్చారని, కొన్నవాళ్లు వాటిని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ కారు కట్టుకున్నారని బ్రిటన్ కార్ల ప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973లో పర్చేజ్ టాక్స్ పోయి వ్యాట్ వచ్చింది. పన్నులో లాభం పోయినా, ఇంట్లో కారు కట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. ఆ ఏడే లోటస్ దగ్గర్నుంచి సెవెన్ హక్కులు కేటర్‌హామ్ తీసుకుంది. ఆ కారును ఇవాళ్టికీ విడిభాగాలుగా కొని బిగించుకునేవాళ్లున్నారు.

పన్ను కోసం మొదలైన పని, పన్ను పోయాక కూడా ఎందుకు నిలిచింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం పట్టుకుంది. జవాబు నా చేతులతోనే వెతుక్కున్నాను.

నేనుండేది ఇంగ్లండులోనే, లెస్టర్ దగ్గర ఒక చిన్న ఊళ్లో. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మా ఇంటి గ్యారేజీలో ఒక కారు కట్టాను. ఇప్పుడది రోడ్డు మీద తిరుగుతోంది. దానికి నంబరు ప్లేటుంది, ఇన్సూరెన్సుంది. ఈ మాట మన ఊళ్లో చెబితే ముందు నమ్మరు. నమ్మాక అడిగే మొదటి ప్రశ్న, "ఇంజన్ కూడా నువ్వే చేశావా?" అని. లేదు. ఒక పాత కారు కొంటాం. దాన్ని డోనర్ కారంటారు. దాని ఇంజన్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, వైరింగ్ తీసుకుంటాం. ఛాసిస్, బాడీ కొత్తవి. ఛాసిస్‌ను కిట్లు తయారుచేసేవాళ్ల దగ్గర కొనుక్కోవచ్చు. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్లు ఇనప గొట్టాలు కోసి తామే అతుక్కుంటారు. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవడమెలాగో చెబుతూ పుస్తకం రాశారు. అంగుళం చదరపు గొట్టాలు, ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్, ఒక వెల్డింగ్ మిషన్ ఉంటే చాలన్నారు. ఆ దారిలో కట్టిన కార్లకు లోకాస్ట్ అనే పేరే స్థిరపడింది. ఆ 250 పౌండ్ల రోజులిప్పుడు లేవు. డబ్బు కలిసొస్తుందని ఈ పనికి దిగేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. అదే డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది.

ఏ కారు డోనరవుతుందో చూస్తే ఆ దేశపు మధ్యతరగతి చరిత్ర కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కొత్త కార్లు చాలావరకు ఎగుమతికే పోయేవి. దేశంలోవాళ్లకు మిగిలింది పాత ఆస్టిన్ సెవెన్లు. 1922 నుంచి 1939 దాకా ఆ కార్లు 2,90,000 వరకు తయారయ్యాయి, అందుకే ఏ షెడ్డులో చూసినా ఒకటి పడి ఉండేది. 1948లో ఇరవై ఏళ్ల కోలిన్ చాప్‌మన్, లండన్‌లో తన స్నేహితురాలి ఇంటి వెనక గ్యారేజీలో అలాంటి ఆస్టిన్ సెవెన్‌నే విప్పి, దాని మీద ప్లైవుడ్‌కి అల్యూమినియం రేకు అతికిన బాడీ కట్టాడు. అదే మొదటి లోటస్. తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన సంస్థకు అదీ పుట్టుక. అమెరికాలో ఆ స్థానం ఫోక్స్‌వాగన్ బీటిల్‌ది. బ్రూస్ మేయర్స్ 1964లో బీటిల్ భాగాలతో ఇసుకలో పరిగెత్తే ఫైబర్ గ్లాస్ బగ్గీ చేశాడు, ఆ తర్వాతి బగ్గీలకు బీటిల్ ఛాసిస్‌నే పొట్టి చేసి వాడాడు. బ్రిటన్‌లో ఆస్టిన్ తర్వాత ఎస్కార్ట్ వంతు వచ్చింది. ఎస్కార్ట్‌ను పాత కార్లు సేకరించేవాళ్లు ఎగరేసుకుపోవడంతో దాన్ని విప్పడానికి ఎవరికీ మనసు రాలేదు, సియెర్రాలు విప్పారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు మాజ్డా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన రెండు సీట్ల కారు. ఇంజన్ ముందు, అది తిప్పేది వెనక చక్రాలను. కిట్ కారుకు సరిగ్గా కావలసిన పొందిక అది.

ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు తలుపుల కిందుండే రేకు పెట్టెల్లోకి చేరి లోపల్నుంచి తినేస్తాయి. ఆ భాగం తుప్పు పట్టిన కారు ఎంఓటీ అనే ఏటేటా జరిగే పరీక్షలో నిలవదు. బాగుచేయించే ఖర్చు కారు విలువను దాటిపోతుంది. ఇంజన్ ఇంకా లక్ష మైళ్లు తిరిగే స్థితిలో ఉండగానే బండి స్క్రాపుకి వెళ్తుంది. నా డోనర్ ఎంఎక్స్-5ని అలా వెళ్లబోతుండగా కొన్నాను. వాకిట్లో నిలిపి తాళం తిప్పితే మొదటి తిప్పుకే స్టార్టయింది. ఆ చప్పుడు వింటూ నిలబడితే, దీన్ని నలగ్గొట్టబోయారన్న ఆలోచన బాధపెట్టింది.

విప్పడం మొదలుపెట్టాక తెలిసింది, నేను చదువుకున్న ఇంజనీరింగ్ ఒకటీ, పానా పట్టుకున్న చెయ్యి నేర్చుకునేది ఇంకొకటీ అని. ఏళ్ల తరబడి పట్టేసిన బోల్టుకు ముందు రోజు రాత్రి నూనె పోసి నానబెట్టాలి. పొద్దున్నే ఒక్క పట్టు బిగించే దిక్కుకు తిప్పి, తర్వాత విప్పే దిక్కుకు తిప్పాలి. వచ్చేటప్పుడు అది కిర్రుమని అరుస్తుంది. విరగబోయే బోల్టు అరుపు వేరు. ఆ తేడా చెవికి పట్టడానికి కాలం పడుతుంది, పట్టాక ఇక పోదు. తీసిన ప్రతి బోల్టూ ఎక్కడిదో రాసి డబ్బాలో వేయాలి. ప్రతి వైరు చివరా చీటీ అంటించాలి. ఆ చీటీలన్నీ మా అమ్మాయి రాసింది. తనకు కార్ల మీద ఏమంత ఇష్టం లేదు, గుండ్రటి చేతిరాత ఉంది. రాస్తూ రాస్తూ, "నాన్నా, ఈ ఎర్ర వైరుకీ దానికీ సంబంధం ఏంటి?" అని అడగడం మొదలుపెట్టింది. నాలుగు వారాంతాలు గడిచేసరికి వెలగని హెడ్‌లైటుకు తప్పు ఎక్కడుందో మీటరు పెట్టి తనే పట్టుకుంది.

పాత కారు విప్పుతుంటే అందులో అంతకు ముందు పనిచేసిన చేతులు కనిపిస్తాయి. ఇది ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు మీద పసుపు రంగు చుక్క ఉంటుంది. ఆ చుక్క చెదిరిందంటే మధ్యలో ఎవరో విప్పారన్నమాట. సైలెన్సర్ పట్టీ కింద ఎవరో మెకానిక్ ఒక రేకు ముక్కను గుండ్రంగా కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, వాషరులా పెట్టాడు. కనిపించని చోటది. అంత శ్రద్ధగా చేయకపోయినా అడిగేవాళ్లు లేరు. ఆయనెవరో తెలియదు. ఆ వాషరును నేను పారేయలేదు, కొత్త కారులోనూ అదే చోట బిగించాను.

ఎంఎక్స్-5 నిర్మాణంలో ఒక విశేషముంది. గేర్ బాక్స్‌నీ, వెనకుండే డిఫరెన్షియల్‌నీ ఒక పొడవాటి అల్యూమినియం దూలం కలుపుతుంది. ముందూ వెనకా సస్పెన్షన్ అంతా వేరే ఇనప చట్రాల మీద ఉంటుంది. బాడీని పట్టుకున్న బోల్టులు తీసి, స్టీరింగ్ కడ్డీ, బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు, వైర్లు విడదీస్తే, పైనున్న బాడీని నలుగురైదుగురు మనుషులు ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. కింద ఇంజన్ నుంచి వెనక చక్రాల దాకా అంతా ఒకే వరసలో తన కాళ్ల మీద తాను నిలబడి ఉంటుంది. మేం బాడీ ఎత్తిన రోజున వచ్చిన మిత్రులంతా ఆ దృశ్యం చూసి కాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం అది కొత్త కాదు.

మా మేనమామది విజయవాడ ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టే షెడ్డు. నా చిన్నప్పుడు మన దేశంలో లారీ ఫ్యాక్టరీ నుంచి చాలావరకు వట్టి ఛాసిస్‌గానే వచ్చేది. క్యాబిన్ ఉండేది కాదు, తొట్టి ఉండేది కాదు, ఇంజనూ చక్రాలూ స్టీరింగూ ఉండేవి. దాని మీద ఒక చెక్క బల్ల కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండా వానా దుమ్మూ మొహాన కొట్టించుకుంటూ డ్రైవర్లు రాష్ట్రాలు దాటించి తీసుకొచ్చేవాళ్లు. మామయ్య షెడ్డులో వడ్రంగి, కమ్మరి, వెల్డరు, పెయింటరు కలిసి ఆ ఎముకల గూడుకు ఒళ్లు తొడిగేవాళ్లు. వేసవి సెలవుల్లో నేను ఆ షెడ్డులోనే పెరిగాను. మా డోనర్ బాడీ లేపేశాక ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తే మామయ్య కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఒరేయ్, ఇది లారీ ఛాసిసేరా. చిన్నది, అంతే. ఇక బాడీ కట్టేవాడివి నువ్వు" అన్నాడు.

"అంతే మామయ్యా" అన్నాను.

"ముందు బ్రేకు చూసుకో. నడవని బండి ఎవర్నీ చంపదు. ఆగని బండి చంపుతుంది."

ఆ మాట నా పని వరసనే మార్చింది. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రం పక్కన పెట్టి, ముందు బ్రేకులు పట్టుకున్నాను. కొత్త ఛాసిస్‌కి పాత పైపులు సరిపడవు. రాగి, నికెల్ కలిసిన సన్నటి గొట్టం చుట్ట కొని, కావలసినంత కోసి, చివర్లు ప్రత్యేకమైన పనిముట్టుతో గిన్నె అంచులా మడవాలి. ఆ మడతలో వెంట్రుకంత పగులున్నా తొక్కినప్పుడు ద్రవం కారుతుంది. పైపులు బిగించాక లోపలి గాలంతా పోయేదాకా, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర తిప్పుతూ ద్రవం వదలాలి. మా ఆవిడ తొక్కింది, నేను తిప్పాను. పెడల్ మెత్తగా ఉన్నంతసేపూ గాలి ఉన్నట్టే. కాలి కింద రాయిలా గట్టిపడినప్పుడు ఆవిడ మొహంలో కనిపించిన నిశ్చింతే నాకు పని పూర్తయిందని చెప్పింది. ఆ కార్లో కూర్చోబోయేది మేమే. షోరూంలో కొన్న కారు బ్రేకు మీద మనకుండేది నమ్మకం. ఈ బ్రేకు మీద నాకున్నది తెలివిడి. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని నడవడానికే మనుషులు గ్యారేజీల్లో కార్లు కట్టుకుంటారని నేననుకుంటున్నాను. పన్ను పోయినా ఈ పని నిలిచింది అందుకే.

ఇంట్లో కట్టిన కారును అలాగే రోడ్డెక్కించే వీలు ఇక్కడా లేదు. 1998 నుంచి బ్రిటన్‌లో ఇలాంటి కార్లకు ఒక్కో వాహనాన్నీ విడిగా చూసే పరీక్ష పెట్టారు. 2009లో దాని స్థానంలో ఇంకా కట్టుదిట్టమైన ఐవీఏ పరీక్ష వచ్చింది. కారు కట్టింది మనమేనని, సొంత వాడకానికేనని ఫోటోలతో, రశీదులతో రుజువు చేసుకోవాలి. పరీక్షకుడు అంగుళం అంగుళం చూస్తాడు. సీటు బెల్టు ఛాసిస్‌లో ఎక్కడ పాతుకుంది, అద్దాల్లో వెనక రోడ్డు ఎంత కనిపిస్తోంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తోందా, మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తోందా, పొగ ఆ ఇంజన్ వయసుకు తగ్గట్టు ఉందా. పాదచారికి తగిలే వీలున్న ప్రతి అంచూ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రంతో ఉండాలి. మొదట ఇది చాదస్తం అనిపించింది. రోడ్డు దాటుతున్న ఒక పిల్లవాడి మోకాలు ఆ అంచుకు తగిలితే ఏమవుతుందో ఊహించుకున్నాక, రేకుల అంచులన్నిటికీ రబ్బరు పట్టీలు తొడుగుతూ కూర్చున్నాను. మా కారును చూసిన పరీక్షకుడు పెద్ద వయసాయన. మా చదువులేమిటో ఆయన అడగలేదు. ప్రతి అతుకు మీదా లైటు వేసి చూశాడు. నాకు బాగా నచ్చింది అదే. నువ్వెవరివన్నది వాళ్లకనవసరం, నువ్వు చేసింది నిలుస్తుందా లేదా అన్నదే కావాలి.

ఆ పరీక్ష నెగ్గాక ఇంకో చిక్కు. ఈ కారు వయసెంత? ఛాసిస్ కొత్తది, ఇంజన్ పాతది. బౌద్ధ కథలో మిలింద రాజు రథం మీద వచ్చానంటే నాగసేనుడనే భిక్షువు అడిగిన ప్రశ్న ఇలాంటిదే. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? బ్రిటన్ వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ దీనికి తన జవాబు రాసిపెట్టుకుంది. బాగా మార్చిన వాహనం పాత నంబరు నిలుపుకోవాలంటే మొన్నమొన్నటి దాకా ఎనిమిది పాయింట్లు రావలసి ఉండేది. ఛాసిస్‌కి 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్ బాక్స్ వైపు భాగాలు, స్టీరింగ్ ఒక్కోదానికి 2, ఇంజన్‌కి 1. అందరూ గుండెకాయ అనుకునే ఇంజన్‌కి ఒక్కటే! కిట్ కార్ల విషయంలో, కొత్త ఛాసిస్ మీద ఒకే డోనర్ నుంచి రెండు ముఖ్య భాగాలైనా వచ్చి, పరీక్ష నెగ్గితే, ఆ డోనర్ వయసును బట్టి నంబరిస్తారు. ఏ కారు నుంచి ఏం వచ్చిందో తేలనివాటికి క్యూ అక్షరంతో మొదలయ్యే ప్లేటు. మా కారుకు డోనర్ వయసే వచ్చింది. స్క్రాపుకి పోవలసిన బండి తన పుట్టిన ఏడును నిలుపుకుంది. అది నాకు న్యాయంగా తోచింది.

ఇదంతా మన దగ్గర కుదురుతుందా అని మామయ్య అడిగాడు. ఇప్పటి పరిస్థితిలో కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. ఆ తీర్పు వెనకున్న ఆందోళనను నేను కాదనను. మన రోడ్ల మీద ఇష్టారాజ్యంగా మార్చిన బళ్లు ప్రాణాలు తీస్తాయి. ఆ బళ్లను ఆపవలసిందే. కొత్త నమూనా వాహనానికి పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల్లో పరీక్షలున్నాయి గానీ, అవి వేల బళ్లు చేసే కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తన కోసం ఒకే ఒక కారు కట్టుకునే మనిషికి అందులో తలుపు లేదు.

మరి చేతులు లేవా అంటే, ఉన్నాయి. హైదరాబాద్ బహదూర్‌పురాలో కె. సుధాకర్ గారి మ్యూజియంలో వంకాయ, క్రికెట్ బ్యాట్, కెమెరా ఆకారాల్లో చేత్తో కట్టిన కార్లున్నాయి, అవి నడుస్తాయి. 2007 నుంచి బాహా పోటీల కోసం ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా గొట్టాలు అతికి బళ్లు కడుతున్నారు. పోటీ అయ్యాక ఆ బళ్లు కాలేజీ షెడ్డులో పడి ఉంటాయి. ఇక ఆటోనగర్ సంగతి చూడండి. బాడీ లేని ఛాసిస్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చి, వేరే షెడ్డులో బాడీ కట్టించుకోవడానికి గడువిచ్చేదీ అదే 1988 చట్టం. ఒక బండి ఫ్యాక్టరీ బయట, వేరే చేతుల్లో పూర్తవుతుందని మన చట్టానికి ఎప్పట్నుంచో తెలుసు. లారీకి తెలిసిన ఆ సంగతి కారుకూ తెలియాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక మనిషికి ఒక కారు, సొంత వాడకానికే. డోనర్ కాగితాలు, పని జరిగిన ప్రతి దశలో ఫోటోలు. ఛాసిస్ అతుకులు, బ్రేకులు, స్టీరింగ్, బెల్టులు, లైట్లు, పొగ అన్నిటికీ కఠినమైన పరీక్ష. తప్పితే రోడ్డెక్కనివ్వకండి, నెగ్గితే నంబరివ్వండి. వాహన నిబంధనలు మార్చే ముందు కేంద్ర రవాణా శాఖ ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయాలు అడుగుతుంది. ఇంజనీరింగ్ చెప్పే మాష్టార్లూ, షెడ్లలో పనిచేసే మేస్త్రీలూ, చదువుకుంటున్న పిల్లలూ, ఈసారి అలా అడిగినప్పుడు ఈ ఒక్క మాట రాసి పంపండి.